జిరాలోకి పాత టికెట్లు: ఈటీఎల్ టూల్ చేసే పని, చేయని పని

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ టెక్ పార్కులోనైనా డేటా టీముల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తగులుతుంది. "పాత ట్రాకర్లో టికెట్లున్నాయి, ఎక్సెల్ తీసి ఇస్తాం, జిరాలో పడేయండి. రెండు రోజుల పనే కదా" అని మేనేజర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. ట్రాకర్ అంటే ఫిర్యాదుల్నీ పనుల్నీ ఒక్కొక్కటీ ఒక టికెట్టుగా నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్, జిరా అలాంటిదే. అడిగేవాళ్ల దృష్టిలో అది ఒక టేబుల్లోని వరుసల్ని ఇంకో టేబుల్లో పోయడం. అమీర్‌పేటలో ఈటీఎల్ (ఒక చోట డేటా తీసి, మార్చి, ఇంకో చోట నింపడం) కోర్సు చేసి మారతహళ్లి పీజీలో దిగిన కుర్రాడూ మొదట అలాగే అనుకుంటాడు, కోర్సులో నేర్పింది అదే మరి. లక్ష వరుసలు బయల్దేరాయి, లక్షా చేరాయి, ఆ పని చేసే ప్రోగ్రాం, అంటే జాబ్, ఎర్రర్ లేకుండా ముగిసింది. సోమవారం పొద్దున్న సపోర్ట్ టీము లాగిన్ అయ్యాక గానీ సంగతి బయటపడదు. మూడేళ్ల కిందటి టికెట్లన్నీ శనివారం రాత్రి పుట్టినట్టు కనిపిస్తాయి. వాటి కింద కామెంట్లన్నీ రాసింది ఒక్కడే, ఆ జాబ్ నడిపిన కుర్రాడు.

పైకి చూస్తే టికెట్టు ఒక వరుసే: శీర్షిక, వివరణ, ప్రయారిటీ, స్టేటస్, ఎవరి చేతిలో ఉంది. కానీ దాన్ని జనం నమ్మేది వెనక ఉన్న చరిత్రను చూసి. ఫలానా రోజు ఫలానా మనిషి తెరిచాడు, మర్నాడు ఇంకొకరికి వెళ్లింది, నాలుగు రోజులు క్లయింటు జవాబు కోసం ఆగింది, చివరికి మూసేశారు. "నేను అప్పుడే చెప్పానుగా" అని కాల్‌లో వాదన మొదలైతే అందరూ తెరిచేది ఆ చరిత్రనే. ఎవరు, ఎప్పుడు అన్న ఈ రెండు సంగతులే దిగుమతిలో అన్నిటికంటే ముందు చెడిపోతాయి. ప్రయారిటీలో "అర్జెంట్"ను "హై" చేయాలా "హయ్యెస్ట్" చేయాలా అని వారాల తరబడి మీటింగులు నడుస్తాయి గానీ, ఈ రెండిటి ఊసు ఎవరూ ఎత్తరు.

ట్రాకర్లకూ వయసు ఉంటుంది కాబట్టి ఈ పని మాటిమాటికీ వస్తుంది. 1998లో మొజిల్లా నుంచి వచ్చిన బగ్‌జిల్లా, 2000లో మొదలైన మాంటిస్, 2006 నాటి రెడ్‌మైన్ ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి. సిడ్నీలో ఇద్దరు స్నేహితులు పెట్టిన అట్లాసియన్ 2002లో జిరాను తెచ్చింది. అంతకుముందు వాళ్లు వాడింది బగ్‌జిల్లానే. సొంత సర్వర్ మీద నడుపుకొనే జిరా సర్వర్ వెర్షన్‌కు అట్లాసియన్ 2024 ఫిబ్రవరి 15తో సపోర్ట్ ఆపేసింది. జిరా సర్వర్ నుంచి జిరా క్లౌడ్‌కు వెళ్లేవాళ్లకు ఆ కంపెనీదే మైగ్రేషన్ అసిస్టెంట్ ఉంది, అక్కడ ఈటీఎల్ టూల్‌తో పెద్దగా పని పడదు. రెడ్‌మైన్, మాంటిస్ లాంటి వేరే ట్రాకర్ నుంచో, ఎక్సెల్ షీట్ల నుంచో, కొత్తగా కొన్న చిన్న కంపెనీ డేటాబేస్ నుంచో టికెట్లు రావాలంటేనే టాలెండ్, పెంటాహో లాంటి ఈటీఎల్ టూల్స్ బయటికి తీస్తారు.

వాటి సంగతి రెండు ముక్కల్లో. టాలెండ్ 2005లో ఫ్రాన్స్‌లో మొదలైంది. బొమ్మలు గీసినట్టు జాబ్ గీస్తే వెనక జావా కోడ్ తయారవుతుంది. 2023లో క్లిక్ అనే కంపెనీ దాన్ని కొన్నది, ఉచితంగా దొరికే ఓపెన్ స్టూడియోను 2024 జనవరి 31తో ఆపేశారు. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పాత కాపీలతో బండి నడిపించేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటే: దానికి ఇక సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు. పెంటాహో ఈటీఎల్ టూల్ అసలు పేరు కెటిల్, అందులో స్పూన్, పాన్, కిచెన్ అని భాగాలుంటాయి. పేరు పెట్టినవాళ్లకు ఆకలి వేళయి ఉండాలి. కెటిల్ నుంచి విడిపోయిన అపాచీ హాప్ ఇప్పుడు ఉచితంగానే దొరుకుతోంది. ఏది వాడినా కింద చెప్పే చిక్కులు మారవు, ఎందుకంటే అవి టూల్‌లో లేవు, ట్రాకర్లో ఉన్నాయి.

జిరాలోకి టికెట్లు పంపడానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి జిరాలోనే ఉన్న సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పాఠం ఫైలు) దిగుమతి, అడ్మిన్ హక్కులున్నవాళ్లు నడిపేది. రెండోది రెస్ట్ ఏపీఐ, అంటే ప్రోగ్రాంలు నెట్ ద్వారా జిరాను పిలిచి పని చేయించుకునే దారి. ఈటీఎల్ టూల్స్ వెళ్లేది ఈ రెండో దారినే. టాలెండ్‌లోని జిరా అవుట్‌పుట్ కాంపొనెంట్ కూడా లోపల ఏపీఐనే పిలుస్తుంది. ఈ రెండిటి మధ్య తేడా వేగంలో లేదు. అడ్మిన్ నడిపే సీఎస్‌వీ దిగుమతికి టికెట్టు తెరిచిన తేదీ, చివరగా మార్చిన తేదీ, తీరిన తేదీ ఇవ్వొచ్చు. స్టేటస్‌ను సూటిగా పెట్టొచ్చు. ఒక్కో కామెంటుకూ తేదీ, రాసినవాడు, కామెంటు అనే మూడిటినీ సెమీకోలన్‌తో కలిపి పంపితే పాత పేరుతో, పాత తేదీతో చేరుతుంది. ఏపీఐ ఇవేవీ ఒప్పుకోదు. ఏపీఐ దృష్టిలో ప్రతి పిలుపూ ఇప్పుడే, ఈ లాగిన్ అయిన మనిషే చేస్తున్న కొత్త పని. తెరిచిన తేదీ ఆ క్షణానిదే. కామెంటు ఆ టోకెన్ (ప్రోగ్రాం పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య సంకేతం) ఎవరిదో వాళ్ల పేరు మీదే. రిపోర్టర్‌ను, అంటే టికెట్టు తెరిచినవాడి పేరును, మార్చే హక్కు ఉంటే ఆ ఒక్క ఫీల్డు మాత్రం మార్చుకోవచ్చు.

ఇది జిరా తప్పు అనడానికి లేదు. ఎవరు పడితే వాళ్లు ఏపీఐతో వెనకటి తేదీలు వేయగలిగితే ఆడిట్‌కు ఆ ట్రాకర్ పనికిరాదు. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం నిండిపోయి కొత్తది తెరిచినప్పుడు కొట్టాయన పాత పద్దుల్ని ఇవాళ్టి తేదీతో తిరగరాయడు; పై వరుసలో "వెనకటి బాకీ" అని ఒక మొత్తం వేసి, పాత పుస్తకాన్ని అటక మీద పెడతాడు. ట్రాకర్ మార్చేవాళ్లు ఈ రెండు పనుల్లో ఏది చేస్తున్నారో ముందే తేల్చుకోవాలి. అన్నీ తిరగరాయాలంటే సీఎస్‌వీ దారి పట్టాలి. వెనకటి బాకీ చాలనుకుంటే ఏపీఐ సరిపోతుంది.

తేదీ చెడితే నష్టం ఏమిటని అడిగేవాళ్లుంటారు. సర్వీస్ కంపెనీల్లో ఎస్‌ఎల్‌ఏ (ఇంత సమయంలో తీరుస్తామని క్లయింటుకు ఇచ్చే మాట) గడియారం మామూలుగా టికెట్టు తెరిచిన క్షణం నుంచే నడుస్తుంది. తొంభై రోజులుగా పెండింగ్‌లో ఉన్న టికెట్టు దిగుమతితో సున్నా రోజుల వయసుకు వస్తుంది. ఆ నెల రిపోర్టు చూసి పై వాళ్లు సంబరపడతారు, టీము టెన్షన్ పడుతుంది, క్లయింటు దగ్గర పాత రిపోర్టు కాపీ ఉంటే కాంట్రాక్టులోని పెనాల్టీ నిబంధన బయటికి వస్తుంది. ఏపీఐ దారే తప్పనిసరైతే దీనికి వాడుకలో ఉన్న ఉపాయం "అసలు తెరిచిన తేదీ" అని ఒక కస్టమ్ ఫీల్డు పెట్టి, రిపోర్టులన్నిటినీ దాని మీదికి మార్చడం. ఉపాయం మంచిదే. కాకపోతే డాష్‌బోర్డుల్లో ముందే ఉన్న రెడీమేడ్ గాడ్జెట్లు ఆ ఫీల్డును వాటంతట అవి చూడవు. ఎన్ని రిపోర్టులు మళ్లీ కట్టుకోవాలో జాబ్ రాయకముందే లెక్క వేసుకోవాలి.

కామెంట్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఏపీఐతో పంపేటప్పుడు ప్రతి కామెంటు మొదట్లో అసలు రాసినవాడి పేరు, తేదీ పాఠంగా చేర్చడం అందరూ చేసేదే. దాన్ని మించిన ప్రమాదం ఒకటుంది. రెడ్‌మైన్‌లో కామెంట్లు జర్నల్స్ అనే టేబుల్లోకి వెళ్తాయి, అందులో "ప్రైవేట్ నోట్" అనే గుర్తు ఒక కాలమ్‌లో ఉంటుంది. డేటాబేస్ నుంచి వీటిని తీసే ఎస్‌క్యూఎల్ క్వెరీ రాసిన మనిషి ఆ కాలమ్‌ను వదిలేస్తే, "ఈ క్లయింటు ప్రతిసారీ ఇదే గోల, ఫీజు పెంచాలి" అని లోపల రాసుకున్న మాట కస్టమర్ పోర్టల్లో అందరికీ కనిపించే జవాబుగా చేరుతుంది. కస్టమర్ ఫిర్యాదుల కోసం ఉన్న జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్‌లో లోపలి కామెంటు వేరు, కస్టమర్‌కు వెళ్లే జవాబు వేరు. పంపేటప్పుడు ఆ తేడా చెప్పకపోతే బయటికి వెళ్లేదిగానే తీసుకుంటుంది. మిగతా పొరపాట్లు సరిదిద్దుకోవచ్చు. కస్టమర్ చదివేసిన దాన్ని వెనక్కి తీసుకోలేం.

మనుషుల మ్యాపింగ్ దగ్గర తెలుగు పేర్లు టూల్స్‌కు గట్టి పరీక్షే పెడతాయి. శ్రీనివాస్‌ను ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ముందు పెట్టేవాళ్లు, వెనక పెట్టేవాళ్లు, ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లు ఉంటారు. వెంకట సత్యనారాయణ ఒక సిస్టమ్‌లో వెంకట్, ఇంకోదానిలో సత్య, మెయిల్లో మూడు పొడి అక్షరాలు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి నింపిన తీరును బట్టి హెచ్‌ఆర్ రికార్డులో పేరు తలకిందులవుతుంది. ఇక లక్ష్మి అనే పేరుతో ఒకే ఫ్లోర్‌లో ముగ్గురుంటే చెప్పక్కర్లేదు. పేరుకు పేరు కలపబోయి, దగ్గరగా ఉన్నది చాల్లే అని ఫజ్జీ మ్యాచ్ పెడితే ఒకరి టికెట్లు ఇంకొకరి నెత్తిన పడతాయి. ఇక్కడ నమ్మదగింది మెయిల్ ఐడీ ఒక్కటే, అదీ కంపెనీ పేరు మారి డొమైన్ మారకపోతేనే.

దానికి తోడు జిరా క్లౌడ్ యూజర్‌ను పేరుతోనో మెయిల్‌తోనో గుర్తుపట్టదు. ఐరోపా ప్రైవసీ చట్టం జీడీపీఆర్ 2018లో అమల్లోకి వచ్చాక అట్లాసియన్ ఏపీఐలోంచి యూజర్ నేములు తీసేసి, ప్రతి మనిషికీ ఒక అకౌంట్ ఐడీ ఇచ్చింది. మెయిల్‌ను దాచుకునే వెసులుబాటు యూజర్‌కు ఉంది కాబట్టి ఏపీఐలో వెతికితే కొందరిది అసలు కనిపించదు. అందువల్ల అడ్మిన్ దగ్గర యూజర్ల జాబితా ఫైలుగా తీసుకుని, పాత లాగిన్, మెయిల్, అకౌంట్ ఐడీ అనే మూడు కాలమ్‌ల టేబుల్ ఒకటి చేతితో కూర్చుని సరిచూడటమే దారి. టాలెండ్‌లో వరుసల్ని జత కలిపే టీమ్యాప్ అనే భాగంలో దాన్ని లుకప్‌గా (వెతుక్కునే టేబుల్‌గా) పెట్టి, జత దొరకని వరుసల్ని రిజెక్ట్ అవుట్‌పుట్‌లోకి పంపాలి. రిజెక్ట్ పెట్టకపోతే వాటిలో అసైనీ, అంటే పని అప్పగించిన మనిషి, ఖాళీగా వెళ్తుంది, జిరా ప్రాజెక్టు సెట్టింగును బట్టి ఆ మొత్తాన్ని ప్రాజెక్టు లీడ్ పేరు మీద వేసే అవకాశం ఉంది.

ఉద్యోగం మానేసినవాళ్ల మాటేమిటి? పదేళ్ల డేటాలో సగం పేర్లు వాళ్లవే ఉన్నా ఆశ్చర్యం లేదు, ఈ ఊళ్లో రెండేళ్లకొకసారి కంపెనీ మారడం మామూలే. వాళ్లందరికీ జిరా వాడే హక్కుతో కొత్తగా అకౌంట్లు తెరిస్తే క్లౌడ్‌లో మనిషికింత అని లైసెన్సు డబ్బు కట్టాలి. "పాత ఉద్యోగి" అనే ఒకే అకౌంటు పెట్టి, అసలు పేరును పాఠంగా ఒక ఫీల్డులో ఉంచడం చవకైన పద్ధతి. మూసేసిన టికెట్లకు ఇది చాలు. తెరిచి ఉన్న టికెట్టు పాత ఉద్యోగి పేరు మీద ఉందంటే మాత్రం అది దిగుమతిలో తేలే విషయం కాదు, ఆ టికెట్టును ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదన్నమాట.

స్టేటస్ దగ్గర ఏపీఐ ఇంకో అడ్డు పెడుతుంది. టికెట్టు సృష్టించేటప్పుడు "మూసేసినది" అని పంపడం కుదరదు. ప్రతి టికెట్టూ వర్క్‌ఫ్లో (స్టేటస్‌లు మారే వరుస) మొదటి మెట్టు మీదే పుడుతుంది. అక్కణ్ణుంచి ట్రాన్సిషన్ అనే మార్పుతో ఒక్కో మెట్టూ ఎక్కించాలి. మధ్యలో "టెస్టర్ ఆమోదం ఉంటేనే" లాంటి షరతులు, తప్పనిసరి ఫీల్డులు ఉంటే ఆ మెట్టు మీదే ఆగిపోతుంది. ఏ స్టేటస్ నుంచైనా ఏ స్టేటస్‌కైనా వెళ్లగలిగే తాత్కాలిక వర్క్‌ఫ్లో ఒకటి కట్టి, దిగుమతి అయ్యాక అసలుదాన్ని తగిలించడం మంచిది. అది చేయకుండా షరతులన్నిటినీ టాలెండ్‌లో జావా కోడ్‌గా మళ్లీ రాసుకునేవాళ్లూ ఉన్నారు. ఓపికను మెచ్చుకోవచ్చు, పద్ధతిని కాదు.

రిజల్యూషన్ అనే ఫీల్డు మాత్రం అనుభవం ఉన్నవాళ్లనే బోల్తా కొట్టిస్తుంది. జిరాలో స్టేటస్ వేరు, రిజల్యూషన్ వేరు. రిజల్యూషన్‌లో ఏ విలువ ఉన్నా సరే టికెట్టు తీరినట్టే లెక్క, ఖాళీగా ఉంటేనే తీరనిది. తెర మీద కనిపించే "అన్‌రిజాల్వ్డ్" అనేది నిజానికి ఖాళీ గడికి జిరా చూపించే మాట. పాత డేటాలో అదే మాట అక్షరాలా ఉందనుకుందాం. దాన్ని యథాతథంగా తెచ్చి అదే పేరుతో కొత్త రిజల్యూషన్ చేరిస్తే, తెరిచి ఉన్న టికెట్లన్నీ ఒక్క దెబ్బతో తీరిపోయినవాటిలో కలుస్తాయి, పెండింగ్ లిస్టు ఖాళీ అవుతుంది. తిరగేసి, మూసేసిన టికెట్లకు రిజల్యూషన్ పెట్టడం మరిచిపోతే ఐదేళ్ల కిందటివి కూడా పెండింగ్‌లో తేలతాయి. వరుసల సంఖ్య సరిపోయిందా అని చూసే పరీక్షలో ఈ రెండూ పాసవుతాయి. పాత ట్రాకర్లో పెండింగ్ ఎన్ని, కొత్తదానిలో పెండింగ్ ఎన్ని అని ప్రాజెక్టు వారీగా పక్కపక్కన పెట్టి చూస్తేనే దొరుకుతాయి.

తేదీల ఫార్మాట్ గురించి ఎంత చెప్పినా తక్కువే. జిరా సీఎస్‌వీ దిగుమతిలోనూ టాలెండ్‌లోనూ వాడేది జావా తేదీ నమూనాలే. వాటిలో పెద్దక్షరం ఎమ్ నెలకు, చిన్నక్షరం ఎమ్ నిమిషానికి. సంవత్సరానికి చిన్నక్షరం వై బదులు పెద్దక్షరం వై రాస్తే అది వారాల లెక్కన నడిచే సంవత్సరం; ఏడాదంతా సరిగ్గానే పనిచేసి, ఏడాది మలుపులో తప్పుతుంది, 2024 డిసెంబర్ 30ని 2025 డిసెంబర్ 30గా రాస్తుంది. టెస్టింగ్ మార్చిలో చేస్తే ఇది ఎవరి కంటా పడదు. ఇక టైమ్ జోన్. పాత ట్రాకర్ డేటాబేస్‌లో సమయం ఏ జోన్‌లో ఉందో ముందే చూసుకోవాలి. భారత కాలమానం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం కంటే ఐదున్నర గంటలు ముందు. గడువు తేదీని "15వ తేదీ, అర్ధరాత్రి సున్నా గంటలు" అని భారత సమయంలో చదివి యూటీసీకి మారిస్తే అది 14వ తేదీ సాయంత్రం 6.30 అవుతుంది. సమయం కొట్టేసి తేదీ ఒక్కటే పంపితే ప్రతి గడువూ ఒక రోజు ముందే వచ్చేస్తుంది. తేదీ మాత్రమే ఉన్న ఫీల్డును తేదీగా మార్చకుండా అక్షరాల్లాగే మోసుకెళ్లడం దీనికి మందు.

సోర్సు ఎక్సెల్ అయితే అది చేసే "సాయం" కూడా లెక్కలోకి తీసుకోవాలి. మార్కెటింగ్ ప్రాజెక్టుకు ఇంగ్లీషులో మూడక్షరాల "మార్" అని కీ (టికెట్టు నంబరు ముందు వచ్చే పొట్టి పేరు) పెట్టి ఉంటే, ఆ కీతో ఉన్న 12వ నంబరు టికెట్టును ఎక్సెల్ మార్చి 12 అనుకుని తేదీగా మార్చేస్తుంది. ఇదే జబ్బు వల్ల మానవ జన్యువుల పేర్లు కొన్నిటిని 2020లో శాస్త్రవేత్తలే మార్చుకోవాల్సి వచ్చింది, కాబట్టి టికెట్ల వాళ్లు సిగ్గుపడక్కర్లేదు. ఎక్సెల్ గడిలో 32,767 అక్షరాలకు మించి పట్టవు. లాగ్ ఫైలు మొత్తం అంటించిన వివరణలు అక్కడే తెగిపోతాయి. వీలైతే ఎక్సెల్ మెట్టు లేకుండా డేటాబేస్ నుంచే చదవాలి.

సీఎస్‌వీ ఫైలు చదివేటప్పుడు టాలెండ్‌లో సీఎస్‌వీ ఆప్షన్స్ అనే చిన్న పెట్టెలో టిక్ పెట్టకపోతే, వివరణ మధ్యలో ఉన్న లైన్ బ్రేక్ దగ్గర వరుస విరిగి, ఒక టికెట్టు ఆరు టికెట్లవుతుంది. జిరాలో శీర్షిక 255 అక్షరాలు దాటకూడదు, అందులో లైన్ బ్రేక్ ఉండకూడదు. లేబుల్లో ఖాళీ ఉండకూడదు. ఇవన్నీ జాబ్ మొదట్లోనే తనిఖీ చేసి పక్కకు తీయాల్సినవి.

టికెట్లలో తెలుగు ఉంటే ఈ 255 లెక్క ఇంకో రకంగా తిరుగుతుంది. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో వాడే యాప్‌కు బెంగళూరులో సపోర్ట్ ఇచ్చే టీముకు ఫిర్యాదులు తెలుగులోనే రావచ్చు. "టికెట్టు" అన్న మాట కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అది ఎనిమిది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం ఇరవై నాలుగు. మధ్యలో పెట్టుకున్న స్టేజింగ్ టేబుల్లో కాలమ్ కొలత 255 బైట్లని ఉంటే అందులో పట్టేవి 85 మాత్రమే, అంటే మామూలు వాక్యం ఒకటిన్నర. కత్తిరింపు బైట్ల లెక్కన జరిగితే చివరి అక్షరం సగానికి తెగి ప్రశ్నార్థకం గుర్తవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో పాత "యూటీఎఫ్8" అక్షర పద్ధతి ఒక్కోదానికి మూడు బైట్ల వరకే పట్టుకుంటుంది. తెలుగు అందులో సరిపోతుంది గానీ, నాలుగు బైట్ల ఎమోజీ ఒక్కటి వచ్చినా ఆ వరుస ఎర్రర్ ఇవ్వొచ్చు. దండం పెట్టే ఎమోజీ లేకుండా ఫిర్యాదు రాసేవాళ్లు ఇప్పుడు ఎంతమంది?

పాఠం రూపం గురించి కూడా ఒక మాట. జిరా ఏపీఐ మూడో వెర్షన్ వివరణను మామూలు పాఠంగా తీసుకోదు, పేరాగ్రాఫు పేరాగ్రాఫుగా విడదీసిన జేసన్ (ప్రోగ్రాంలు ఒకదానికొకటి డేటా పంపుకునే రూపం) రూపంలో అడుగుతుంది. రెండో వెర్షన్‌కు వికీ గుర్తులతో ఉన్న పాఠం చాలు. పాత రెడ్‌మైన్‌లో మామూలుగా ఉండేది టెక్స్‌టైల్ అనే గుర్తుల పద్ధతి కాబట్టి దాన్ని రెండో వెర్షన్ వికీ గుర్తుల్లోకి మార్చడం తేలిక. కొత్తది వాడామన్న పేరు కోసం మూడో వెర్షన్ పట్టుకుని వారం పోగొట్టుకోవాల్సిన అవసరం లేదు.

ఈటీఎల్ టూల్ నిజంగా విలువ చూపించేది ఈ చిన్న మరమ్మతుల్లో, ఆ తర్వాత జాబ్‌ను మళ్లీ మళ్లీ నడపడంలో. జాబ్ మధ్యలో ఆగకుండా మొదటిసారే పూర్తవుతుందని ఎవరూ అనుకోరు. ఆగిన చోటి నుంచి మళ్లీ నడిపినప్పుడు ముందు వెళ్లినవి రెండోసారి పుట్టకూడదు. దానికోసం జిరాలో "పాత నంబరు" ఫీల్డు పెట్టి, ప్రతి వరుసకూ ముందు వెతికి చూద్దాం అనిపిస్తుంది. కానీ జిరా సెర్చ్ ఇండెక్స్ కొద్ది క్షణాలు వెనకబడవచ్చు, ఇప్పుడే చేర్చిన టికెట్టు వెంటనే వెతికితే దొరక్కపోవచ్చు. కాబట్టి పాత నంబరు, కొత్త కీ, పంపిన సమయం అనే టేబుల్ ఒకటి సొంతంగా ఉంచుకుని, ప్రతి జవాబు రాగానే అందులో రాసుకుని, దాన్నే ప్రమాణంగా పెట్టుకోవాలి. జిరాలో ఉన్న ఫీల్డు మనుషులు వెతుక్కోవడానికి పనికొస్తుంది.

ఒక్కో పిలుపులో 50 టికెట్ల దాకా పంపే ఏపీఐ ఉంది. అందులో 48 చేరి రెండు ఆగిపోవచ్చు. అప్పుడు కూడా జిరా "చేరాయి" అనే అర్థం వచ్చే 201 కోడే ఇస్తుంది. ఎన్నో నంబరువి ఆగాయో జవాబు లోపల ఎర్రర్ల జాబితాలో ఉంటుంది. కోడ్ చూసి సంతృప్తిపడే జాబ్‌లు ఆ రెండిటినీ చప్పుడు లేకుండా పోగొడతాయి. వేగంగా కొడితే జిరా 429 (పిలుపులు మరీ ఎక్కువయ్యాయి) అని చెప్పి, ఎంతసేపు ఆగాలో కూడా హెడర్లో చెబుతుంది. ఆ మాట విని ఆగడమే. పది థ్రెడ్లు పెట్టి పరుగెత్తించినంత మాత్రాన పని త్వరగా అయిపోదు.

సబ్‌టాస్కులు, ఒక టికెట్టుకు ఇంకోదానితో ఉన్న లింకులు మొదటి విడతలో వెళ్లవు, అవతలి టికెట్టుకు అప్పటికి కొత్త కీ ఉండదు మరి. ముందు మామూలు టికెట్లు, తర్వాత సబ్‌టాస్కులూ లింకులూ, ఆ తర్వాత అటాచ్‌మెంట్లు అని మూడు జాబ్‌లుగా విడదీయాలి. వివరణల్లో "#4521 చూడండి" అని ఉన్నవాటిని కొత్త కీలతో మార్చడం నాలుగోది. అయితే "ప్రింటర్ #1" కూడా అదే నమూనాకు దొరుకుతుంది, చూసుకోవాలి. రెడ్‌మైన్ డిస్కులో అటాచ్‌మెంట్లను తేదీ, సమయం తగిలించిన పేర్లతో దాస్తుంది. ఇంగ్లీషు కాని పేరైతే అర్థం కాని హ్యాష్‌గా మారుస్తుంది. అసలు పేరు డేటాబేస్‌లో వేరే కాలమ్‌లో ఉంటుంది, పంపేటప్పుడు దాన్నే పెట్టాలి. లేకపోతే "మీటర్ ఫొటో" అని పంపిన రైతు ఫైలు ముప్పై రెండు అంకెలూ అక్షరాలుగా కనిపిస్తుంది.

మెయిళ్ల సంగతి అందరికీ తెలిసినదే అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు మర్చిపోతారు. ఏపీఐ దృష్టిలో ఇవన్నీ కొత్త టికెట్లు కాబట్టి ప్రతిదానికీ నోటిఫికేషన్ వెళ్తుంది, ఆటోమేషన్ రూల్స్ కూడా నడుస్తాయి. నోటిఫికేషన్ స్కీమ్ తీసేసి, రూల్స్ ఆపి, అప్పుడు మొదలుపెట్టాలి.

ముహూర్తం విషయానికొస్తే, బెంగళూరు టీముల్లో సంక్రాంతి సెలవుల్లో కటోవర్ (పాతది ఆపి కొత్తదానికి మారడం) పెట్టాలన్న ఆలోచన తరచూ వస్తుంది. సగం మంది మడివాళలో బస్సెక్కి ఊళ్లకు వెళ్లిపోతారు, టికెట్ల రాక తగ్గుతుంది, వాదన సరైనదే. కానీ పాత సిస్టమ్‌లో ఏ ఫీల్డుకు అర్థమేమిటో తెలిసినవాళ్లూ ఆ బస్సుల్లోనే ఉంటారు. మామూలు వారాంతంలో, ముందుగా పెద్ద లోడు పూర్తిచేసి, శుక్రవారం రాత్రి పాతదాన్ని రీడ్ ఓన్లీ చేసి, ఆ మధ్యలో మారినవాటిని మాత్రం పంపడం దానికంటే మేలు.

ఇంత శ్రమ అన్ని టికెట్లకూ అవసరమా అన్న ప్రశ్న మొదటే అడగాలి. తెరిచి ఉన్నవి, గత ఏడాదిలో మూసేసినవి చాలు. మిగతావాటి కోసం పాత ట్రాకర్‌ను చిన్న సర్వర్ మీద రీడ్ ఓన్లీగా ఉంచి, కొత్త టికెట్టులో దాని లింకు పెడితే చాలామందికి సరిపోతుంది. పదేళ్ల చరిత్రను వంకర తేదీలతో జిరాలో పెట్టుకోవడం కంటే సరైన తేదీలతో పాత చోటే ఉంచడం నయం. ఆడిట్ వాళ్లు అడిగేదీ అసలు రికార్డునే.

దిగుమతి ఒక్కసారితో అయిపోక, క్లయింటు ట్రాకర్ నుంచి రోజూ రాత్రి టికెట్లు రావాల్సి ఉంటే లెక్క కొంచెం మారుతుంది. అక్కడ వెనకటి తేదీల బెడద లేదు, ఏపీఐ దారే సరైనది. చూసుకోవాల్సింది టోకెన్. అది జాబ్ రాసిన ఇంజనీరు సొంత అకౌంటులోనిదై ఉంటే, ఆయన కంపెనీ మారి అకౌంటు మూసిన రాత్రే జాబ్ ఆగిపోతుంది. అట్లాసియన్ కొత్త టోకెన్లకు ఇప్పుడు ఏడాదికి మించి గడువు ఇవ్వడం లేదు, కాబట్టి మనిషి ఉన్నా ఆగిపోవచ్చు. జాబ్‌కంటూ వేరే సర్వీస్ అకౌంటు తెరిచి, టోకెన్ గడువు తేదీని ఎవరో ఒకరి క్యాలెండర్‌లో కాకుండా టీము క్యాలెండర్‌లో వేసి, లాగిన్ చెల్లలేదనే 401 ఎర్రర్ వస్తే మెయిల్ ఒక్కరికి కాకుండా గ్రూపుకు వెళ్లేలా పెట్టాలి.